నీళ్ళలో చెయ్యి పెట్టవచ్చునా?

నీటితో మాకు గల పరిచయం ఈనాటిది కాదు. మేము ముగ్గురమూ రసాయన ప్రయోగశాలలో కలిసి పనిచేయడం మొదలుపెట్టి మూడు దశాబ్దాలు కావస్తున్నది. బాయిలరులోనికి పోయే నీరు, కూలింగ్ టవర్లలో తిరిగే నీరు, శుద్ధి కేంద్రం నుండి కాలనీ కుళాయిలకు చేరే నీరు ప్రతి ఉదయమూ సీసాలలో మా బల్ల మీదికి వస్తాయి. సాయంత్రానికి అంకెలై రిజిస్టరులోకి చేరుతాయి. నీటిని గురించి ఎవరేమడిగినా తడుముకోకుండా సమాధానం చెప్పగలమన్న నమ్మకం మాకు లోలోపల ఉండేది. పోయిన జనవరిలో పుదుచ్చేరిలో, ఒక చిన్న చెరువు గట్టు మీద, తొమ్మిదేళ్ళ పాప అడిగిన ఒకే ఒక్క ప్రశ్న ఆ నమ్మకాన్ని కదిలించివేసింది. ఆ అనుభవాన్ని మన పత్రిక పాఠకులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. అంతకన్న ముఖ్యంగా, చాలా ఏళ్ళుగా మా మనసులలో ఉండిపోయిన ఒక బాకీని కూడా ఇక్కడే తీర్చుకోదలిచాము.

ప్రయాణం

ఎల్.టి.సి. గడువు ముగియవస్తున్నదని గుర్తుకు వచ్చినప్పుడే మనకు దేశాటన మీద మక్కువ పుడుతుందన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. మేమూ అందుకు అతీతులము కాము. మూడు కుటుంబాలు కలిసి పుదుచ్చేరి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. మాలో పెద్దవారి మనుమరాలు సంక్రాంతి సెలవులకు వచ్చి ఉన్నందున ఆ పాప కూడా మాతో బయలుదేరింది. ఆ టికెట్టు మాత్రం తాతగారి సొంత ఖర్చే!

పుదుచ్చేరినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. మాలో ఒకరి స్వస్థలం యానాం. కాకినాడకు సమీపాన గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ తెలుగు ఊరు, దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరి పాలనలో భాగం. 1954 నవంబరు 1న ఫ్రెంచివారి నుండి పాలన మన దేశానికి బదిలీ అయినప్పుడు పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం కూడా ఆ కూటమిలో ఉన్నది. మా మిత్రునికి చిన్ననాటి నుండి పాండిచ్చేరి అంటే అర్జీలు వెళ్ళే ఊరు, ఉత్తర్వులు వచ్చే ఊరు. 2006లో పేరు పుదుచ్చేరిగా మారినా ఆయన నోట నేటికీ పాత పేరే వస్తుంది. ఆయన బంధువులు అక్కడ కదిర్కామం ప్రాంతంలో స్థిరపడ్డారు. మా బస వారి ఇంటనే.

చేరిన మర్నాడు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. షిఫ్టు డ్యూటీలు చేసిన శరీరాలు కదా! ఇంటివారు దగ్గరలోని చెరువు గట్టుకు వెళ్ళి నడిచి రమ్మన్నారు. ఆ చెరువు పేరు కనగన్ ఏరి. తమిళంలో ఏరి అంటే చెరువు. మన చెవికి అది ‘ఏరు’గా వినిపించి పారే నీటిని తలపింపజేస్తుంది, కాని అది నిలిచిన నీరు. ఒకప్పుడు పూడికతో, చెత్తతో ఉండిన ఆ చెరువును గత దశాబ్దంలో బాగుచేసి, గట్టున నడకదారి ఏర్పరచి, పడవ విహారానికి కూడా అనువుగా తీర్చిదిద్దిన వైనాన్ని ఇంటివారు ఎంతో ఇష్టంగా చెప్పారు. పుదుచ్చేరి ప్రాంతంలో పెద్దవీ చిన్నవీ కలిపి 84 చెరువులు ఉన్నాయని అక్కడివారు లెక్క చెబుతారు. వాటిలో ఊరు పెరుగుతూ పెరుగుతూ చుట్టుముట్టిన చెరువులలో ఇది ఒకటి.

మంచు తెర ఇంకా తొలగలేదు. నీరు నిశ్చలంగా, కొద్దిపాటి ఆకుపచ్చ రంగుతో ఉన్నది. పాప మా చేయి విడిపించుకొని అంచు దాకా వెళ్ళి, వంగి, మళ్ళీ వెనుదిరిగి చూచింది.

“తాతయ్యా, ఈ నీళ్ళలో చెయ్యి పెట్టొచ్చా?”

ముగ్గురు రసాయనవేత్తలము ఒకరి ముఖాలు ఒకరము చూచుకున్నాము. ఎవరమూ నోరు విప్పలేదు.

“మీరు ముగ్గురూ నీళ్ళ ఆఫీసర్లే కదా?” అన్నది పాప.

ఒక పాత సంతకం

మా మౌనానికి కారణం తెలియక కాదు. తెలిసినదని తొందరపడి చెప్పిన ఒక పాత సమాధానం మా ముగ్గురికీ ఒకేసారి గుర్తుకు వచ్చింది.

సుమారు ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. అప్పట్లో మేము పనిచేస్తుండిన టౌన్‌షిప్‌లో రెండు ఎకరాల చిన్న చెరువు ఒకటి ఉండేది. దాని చుట్టూ తోట పెంచి, పిల్లల కోసం నాలుగు తొక్కుడు పడవలు తెప్పించారు. ప్రారంభోత్సవానికి ముందు నీటి నాణ్యతను పరీక్షించి నివేదిక ఇవ్వవలసిందని మాకు ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్ నెల. ఉదయమంతా ప్లాంటు పనులతో సరిపోయింది. భోజనానంతరం రెండున్నర గంటల వేళ సీసాలు పట్టుకొని వెళ్ళి, మెట్ల వద్దనే నమూనా తీసుకున్నాము.

నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతిని హంగేరీ దేశస్థుడైన వింక్లర్ 1888లో ప్రకటించాడు. మూడు వందల మిల్లీలీటర్ల సీసాను గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీసు లవణాన్ని, క్షార అయొడైడ్‌ను కలిపితే నీటిలో ఎంత ఆక్సిజన్ ఉంటే అంత గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. ఆమ్లం పోస్తే ఆ మడ్డి కరిగి అయొడిన్ వెలువడుతుంది. దానిని హైపో ద్రావణంతో టైట్రేషన్ చేసి, స్టార్చి ఇచ్చిన నీలిరంగు మాయమైన చోట లెక్క చూసుకోవాలి. ఆనాడు మా లెక్క లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములని తేలింది. చేపలకు 4 చాలు, స్నానానికి 5 చాలు అని ప్రమాణాలు చెబుతుండగా మా చెరువులో 11! ఎంతో సంతోషించాము. నివేదికలో ‘నీరు ఉత్తమ స్థితిలో ఉన్నది’ అని వ్రాసి ముగ్గురమూ సంతకాలు చేశాము.

నమూనా తీస్తున్నప్పుడు తోటమాలి ఒకాయన మా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండి. ఎందుకో ఒకసారి చూడండి” అని చెప్పాడు. పురుగులను తినడానికి వచ్చి ఉంటాయని నవ్వి ఊరుకున్నాము.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పిల్లలు పడవలెక్కి, చేపలకు మరమరాలు చల్లి ఆనందించారు. ఆ తరువాత రెండు రోజులు ఆకాశం మబ్బు పట్టింది. మూడవ రోజు తెల్లవారేసరికి చెరువు నిండా తెల్లగా చేపలు తేలి ఉన్నాయి. నడకకు వచ్చిన తల్లులు పిల్లల కళ్ళు మూసి ఇళ్ళకు తీసుకొనిపోయారు. అప్పుడు పరుగున వెళ్ళి కొలిచాము. ఆక్సిజన్ ఒక మిల్లీగ్రాము కూడా లేదు.

ఎక్కడ పొరబడ్డామో తెలుసుకోవడానికి పెద్ద గ్రంథాలు అవసరం కాలేదు. సాధారణంగా 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలితో సమతౌల్యంలో ఉన్న మంచినీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. వేసవి మధ్యాహ్నం 11 కనిపించినదంటే అది ఆరోగ్య లక్షణం కాదు, హెచ్చరిక. కంటికి విడిగా కనిపించని ఆకుపచ్చని నాచు నీటి నిండా పెరిగి, ఎండవేళ అపరిమితంగా ఆక్సిజన్ విడుదల చేస్తున్నదన్న మాట. అదే నాచు రాత్రివేళ ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. చేపలూ, అడుగున ఉన్న మడ్డిలోని బాక్టీరియా కూడా పీలుస్తాయి. పగలు సంపాదించినదంతా రాత్రికి ఖర్చయిపోయి తెల్లవారుజామున ఖజానా ఖాళీ అవుతుంది. మబ్బు పట్టిన రోజున సంపాదనా తగ్గుతుంది. జ్వరం వచ్చినవాని ముఖం ఎర్రబడితే మంచి రంగు వచ్చాడని మెచ్చుకున్నట్లయింది మా నివేదిక.

అతిథి గృహపు వంటశాల నుండి పగిలిన గొట్టం ద్వారా కడుగు నీళ్ళు ఆ చెరువులోకి చేరుతున్నాయని తరువాత బయటపడింది. నత్రజని, భాస్వరం నాచుకు ఎరువులు. ‘నీరు పల్లమెరుగు’ అన్నారు పెద్దలు. నీటితో పాటు మనం వదిలినదంతా కూడా పల్లానికే చేరుతుంది. చెరువు దానిని లెక్క తప్పకుండా జమ కట్టుకుంటుంది.

చేపల మరణానికి కారణం తెలుపవలసిందని అడిగినప్పుడు మేము ‘వాతావరణంలో ఆకస్మిక మార్పు’ అని వ్రాశాము. అది అబద్ధం కాదు; కాని పూర్తి నిజమూ కాదు. తోటమాలి ముందే చెప్పాడన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా లేదు. ఆయన ఆ తరువాత కొద్ది కాలానికే పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాడు. మేము ఆయన వద్దకు వెళ్ళి ఒక్క మాట కూడా చెప్పలేదు.

మంచి నీరు అంటే ఎవరికి?

గట్టు మీది బెంచీపై కూర్చున్నాము. పాప ఇంకా సమాధానం కోసం చూస్తూనే ఉన్నది. “ముందు నువ్వు చెప్పమ్మా, చెయ్యి పెట్టి ఏం చేస్తావు? ఊరికే తడుపుకుంటావా, ముఖం కడుక్కుంటావా, తాగుతావా?” అని అడిగారు తాతగారు.

“ఏం చేసినా నీళ్ళు అవే కదా?” అన్నది పాప.

నీళ్ళు అవే, ప్రశ్న మారుతుంది. మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఉపరితల జలాలను వాటి వినియోగాన్ని బట్టి ఐదు తరగతులుగా విభజించింది. సూక్ష్మజీవులను చంపే మందు మాత్రం కలిపి త్రాగగల నీటి వనరు ‘ఎ’ తరగతి. ఆరుబయట స్నానానికి పనికి వచ్చేది ‘బి’. పూర్తి శుద్ధి తరువాత త్రాగడానికి పనికి వచ్చేది ‘సి’. చేపలకు, వన్యప్రాణులకు తగినది ‘డి’. సేద్యానికి, పరిశ్రమలలో చల్లబరచడానికి తగినది ‘ఇ’. కూలింగ్ టవర్ల నీడన బ్రతికిన మా ముగ్గురికీ ఈ చివరి తరగతితోనే ఎక్కువ స్నేహం!

స్నానానికి పనికి వచ్చే ‘బి’ తరగతి నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. పి.హెచ్. విలువ 6.5 నుండి 8.5 మధ్య ఉండాలి. కుళ్ళే పదార్థం ఎంత ఉన్నదో తెలిపే బి.ఓ.డి. 3 మిల్లీగ్రాములకు మించరాదు. కోలిఫారం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500కు మించరాదు. ‘ఎ’ తరగతికి ఈ చివరి సంఖ్య 50 మాత్రమే. చేపల ‘డి’ తరగతికి కోలిఫారం ప్రసక్తే లేదు. అక్కడ ఆక్సిజన్‌తో పాటు అమ్మోనియాను చూస్తారు. కనుక ఒకే చెరువు చేపకు మంచిదై పిల్లవానికి చెడ్డది కావచ్చును.

అయితే పడవ ఎక్కి, వ్రేళ్ళు నీటిలో ముంచుకుంటూ పోయే పిల్లలకు ఈ ఐదింటిలో ప్రత్యేకించి ఒక తరగతి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విహార జలాలపై వెలువరించిన మార్గదర్శకాలలో ఈ తేడా కనిపిస్తుంది. తల మునిగేలా ఈదడం ఒకటి, పడవలో కూర్చున్నప్పుడు అనుకోకుండా తడవడం మరొకటి, ఒడ్డున నిలబడి చూడడం వేరొకటి. నీరు నోటిలోకి పోయే అవకాశం ఎంత ఎక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. పాప ప్రశ్న ఈ రెండవ దానికి చెందినది.

మూడు చిన్న పనిముట్లు

సంస్థ పరికరాలను సొంత యాత్రకు తీసుకొనిపోవడం తగదు. ఆమ్లపు సీసాలతో రైలెక్కడం అంతకన్నా తగదు. కాబట్టి పాపతో కలిసి, బజారులో దొరికే వాటితోనే, ఎవరైనా చేయగల మూడు పరీక్షలు చేద్దామని నిర్ణయించుకున్నాము.

మొదటిది నీటి స్వచ్ఛతను చూచే బిళ్ళ. ఇటలీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు, మతగురువు అయిన సెక్కి 1865లో పోపుగారి నౌక మీద నుండి తెల్లని బిళ్ళలను మధ్యధరా సముద్రంలోకి దించి, అవి ఎంత లోతున కంటికి కనిపించకుండా పోతాయో కొలిచాడు. చెరువులకు వాడే బిళ్ళ అడ్డుకొలత 20 సెంటీమీటర్లు. నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు రంగులు వేస్తారు. మేము ఒక ప్లాస్టిక్ డబ్బా మూతకు రంగు వేసి, అడుగున రాయి కట్టి, తాడుకు ముడులు వేశాము. కనిపించకుండా పోయిన లోతు, మళ్ళీ పైకి లాగగా కనిపించిన లోతు, రెండింటి సగటు తీసుకోవాలి. ముడులు లెక్కపెట్టే అధికారం పాపకే ఇచ్చాము.

రెండవది పి.హెచ్. కాగితం. నాచు ఎండలో ఆక్సిజన్‌ను విడిచేటప్పుడు నీటిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుంటుంది. ఆ వాయువు తగ్గితే నీటిలో ఆమ్లత్వం తగ్గి పి.హెచ్. పెరుగుతుంది. రాత్రి ఇందుకు విరుద్ధం. ఆక్సిజన్‌ను కొలిచే సాధనం లేనివారికి తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తడిపిన రెండు కాగితపు ముక్కలు చెరువు లోపలి ఊపిరిని ఎంతో కొంత తెలియజేస్తాయి.

మూడవది ఒక చిన్న సీసా. మురుగు కలిసిన నీటిలో ఉండే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుందన్న సూత్రం మీద 1982లో మన దేశ శాస్త్రవేత్తలు ప్రకటించిన పరీక్ష ఇది. నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, ఆ బాక్టీరియా ఉన్నట్లయితే సీసాలోని కాగితం, నీరు నల్లబడతాయి. సంఖ్య చెప్పదు, ఉన్నదీ లేనిదీ మాత్రమే సూచిస్తుంది.

మర్నాటి తెల్లవారుజామున మళ్ళీ గట్టుకు వెళ్ళి బిళ్ళ దించాము, కాగితం తడిపాము, సీసా నింపాము. పాప తన నోటు పుస్తకంలో గంట, ఆకాశం ఎట్లా ఉన్నదీ, గాలి ఉన్నదీ లేనిదీ వ్రాసుకున్నది. ఆకాశం సంగతి కూడా వ్రాయమని చెప్పింది మేమే. ఇరవై ఏళ్ళ క్రితం మా నివేదికలో ఆ గడి లేదు.

ఇల్లు కూల్చి తవ్విన చెరువు

మధ్యాహ్నం పరీక్షకు వ్యవధి ఉన్నందున భారతి పార్కుకు వెళ్ళాము. దాని నడుమ తెల్లని ఆయి మండపం ఉన్నది. మూడవ నెపోలియన్ కాలంలో, ముత్తిరపాళయం నుండి పట్టణానికి నీరు తెచ్చిన సందర్భానికి గుర్తుగా నిలిపిన కట్టడం అది. దాని వెనుక మన తెలుగువారికి ఆసక్తి కలిగించే ఐతిహ్యం ఒకటి చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూచి దేవాలయమనుకొని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి ఆగ్రహించి కూల్చివేయమన్నాడట. ఆమె ఆ పనిని తనకే విడిచిపెట్టమని వేడుకొని, ఇల్లు తీయించి ఆ చోట ప్రజల కోసం చెరువు తవ్వించిందట. శతాబ్దాల తరువాత ఆ నీరు ఫ్రెంచివారి దాహం తీర్చింది.

ఇది చరిత్రయో కథయో తేల్చడం మా పని కాదు. మండపం నీడలో కూర్చున్నప్పుడు మాకు తోచినది వేరు. చక్రవర్తి దూరం నుండి ఒక్కసారి చూచి, గుడి అనుకొన్నాడు. మేము ఒక మధ్యాహ్నం ఒక్కసారి చూచి, ఉత్తమం అనుకొన్నాము. దీపాల వెలుగులో ఏ ఇల్లైనా, ఎండ వెలుగులో ఏ చెరువైనా అందంగానే ఉంటుంది.

మూడు గంటలకు తిరిగి చెరువు చేరుకున్నాము. ఉదయపు కాగితం పక్కన మధ్యాహ్నపు కాగితం పెట్టి చూస్తే రంగు నీలం వైపుకు కొద్దిగా జరిగి ఉన్నది. “నీళ్ళు మధ్యాహ్నానికి మారిపోయాయి!” అని పాప ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం మాకు పాతికేళ్ళ వయసులో కలిగి ఉంటే ఎంత బాగుండేదో!

సీసా చెప్పిన మాట

సీసాను అటక మీద ఉంచి, మర్నాడు ఊసుటేరికి వెళ్ళాము. పట్టణానికి పడమర దిక్కున, పుదుచ్చేరి, తమిళనాడుల సరిహద్దు మీద విస్తరించిన పెద్ద చెరువు అది. పుదుచ్చేరి ప్రభుత్వం 2008లో తన భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. శీతకాలంలో దూరదేశాల నుండి వలస పక్షులు వస్తాయి. పాప బాతులను లెక్కపెట్టే ప్రయత్నం చేసి, అవి ఒకచోట నిలవనందున విరమించుకున్నది. “ఈ పక్షులు నీళ్ళను చూసే వస్తాయా?” అని అడిగింది. అవును, ప్రమాణాల పట్టిక లేకపోయినా వాటికి తమ తరగతి ఏదో తెలుసు.

తిరిగి వచ్చేసరికి సీసా నల్లబడి ఉన్నది.

ఆ క్షణంలో పాప ముఖం చిన్నబోయింది. తాను ఇష్టపడిన చెరువు పరీక్ష తప్పినదనుకున్నది. అక్కడే మేము ఆమెకు ఒక విషయం వివరించవలసి వచ్చింది. కొంగలు వాలే, కుక్కలు దిగే, వాన నీరు వీధుల మీదుగా వచ్చి చేరే ఏ ఊరి చెరువు నీరు పోసినా ఆ సీసా నల్లబడే అవకాశమే హెచ్చు. అది త్రాగే నీటి కోసం ఏర్పడిన కఠినమైన పరీక్ష. కనుక అది చెరువుకు చెప్పిన తీర్పు కాదు, మనకు చేసిన హెచ్చరిక మాత్రమే. అసలు తీర్పు కావాలంటే నీరు వచ్చే చోట, నడుమ, పోయే చోట విడివిడిగా నమూనాలు తీయాలి. తెల్లవారుజామునా, మధ్యాహ్నమూ తీయాలి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానకు నిండిన చెరువు వేరు, మే నెలలో ఇంకి చిక్కబడిన చెరువు వేరు. కనీసం ఒక సంవత్సరం చూడాలి.

ఈ కారణం చేతనే పాప నోటు పుస్తకంలోని అంకెలను ఇక్కడ ముద్రించడం లేదు. ఒకటి రెండు రోజుల నమూనాతో ఒక చెరువుకు మంచిదనీ చెడ్డదనీ పేరు పెట్టే పొరపాటును మేము ఒకసారి చేశాము, రెండవసారి చేయదలచలేదు.

ఇక పాప ప్రశ్నకు మా సమాధానం ఇది. “చూడవచ్చు. పడవ ఎక్కవచ్చు. చెయ్యి కూడా పెట్టవచ్చు. అయితే చేతికి గాయం ఉండకూడదు, ఆ చెయ్యి నోటి దగ్గరకు పోకూడదు, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోవాలి. నీటి మీద ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్లు మీగడ కట్టి కనిపిస్తే మాత్రం దగ్గరకు పోవద్దు. కొన్ని రకాల నాచులో విషం ఉంటుంది. తాగడం, మునగడం వద్దు.”

పాప కొద్దిసేపు ఆలోచించింది. “ఇంత పెద్ద జవాబా!” అన్నది. “సరే, రేపు వెళ్ళి చెయ్యి పెడతాను. సబ్బు మీరు తీసుకురండి.”

మర్నాటి ఉదయం ఆమె గట్టు అంచున కూర్చొని మణికట్టు దాకా చెయ్యి ముంచింది. ముగ్గురు పెద్దవాళ్ళము సబ్బు పెట్టెతో, నీళ్ళ సీసాతో వెనుక నిలబడ్డాము.

మన కాలనీలలో

పెద్ద చెరువుల సంగతి మన చేతిలో లేదనుకోవచ్చును. హైదరాబాదు హుస్సేన్ సాగర్ మీద పడవలో తిరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. కూకట్‌పల్లి నాలా ద్వారా ఆ సాగరానికి చేరిన మురుగును గురించి చదివినవారూ ఉన్నారు. పదహారవ శతాబ్దపు ఆ జలాశయాన్ని బాగుచేయడానికి ప్రభుత్వాలే శ్రమపడవలసి వచ్చింది. కాని మన టౌన్‌షిప్‌లలోని చిన్న చెరువులు, తామర కొలనులు మన చేతిలోనివే. వాటి విషయంలో నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

చేపలకు మరమరాలు, రొట్టె ముక్కలు వేయడం పుణ్యమని పిల్లలకు నేర్పుతాము. అవి తినగా మిగిలినది కుళ్ళి ఆ చేపల ఊపిరినే తీస్తుంది. కడుగు నీళ్ళ గొట్టం పల్లానికి కారుతున్నట్లు కనిపిస్తే అదే రోజున సివిల్ విభాగానికి తెలియజేయండి. పూలమొక్కలకు వేసే ఎరువును వానకు ముందు చెరువు గట్టున చల్లవద్దు. నీటిని ఎప్పుడైనా పరీక్షించవలసి వస్తే, అది అలంకరించుకొని కూర్చున్న వేళ కాక, నిద్ర లేచిన వేళ వెళ్ళి చూడండి.

తిరిగి వచ్చిన తరువాత ఇప్పటి మా కాలనీ చెరువుకు ఒక రిజిస్టరు తెరిచాము. తేదీ, గంట, ఆకాశం, ఉష్ణోగ్రత, బిళ్ళ కనిపించిన లోతు, వారానికొకసారి తెల్లవారుజామున ఆక్సిజన్, ఇవి గడులు. చివరన ఒక వెడల్పైన గడి ఉంచి ‘తోటవారు గమనించినది’ అని శీర్షిక వ్రాశాము. మొదటి వారంలో ఆ గడి ఖాళీగానే ఉన్నది. తమ మాట కాగితం మీదికి ఎక్కుతుందని వారికి నమ్మకం కలగలేదు కాబోలు. మూడవ వారంలో ఒకాయన, కొంగలు తూర్పు మూలకు రావడం మానివేశాయని చెప్పాడు. వెళ్ళి చూస్తే అక్కడ మడ్డి వాసన వస్తున్నది. పారిశుద్ధ్యపు గొట్టం ఒకటి లీకవుతున్నది. ఆ రోజే బాగుచేయించాము. ఆ సంగతిని మా పరికరం కన్న ఆయన కళ్ళే ముందు కనిపెట్టాయి.

ఇక మేము తీర్చుకోదలిచిన బాకీ. ఇరవై ఏళ్ళ క్రితం మేము సంతకాలు చేసిన ఆ రెండవ నివేదికలో ఉండవలసి, లేకుండా పోయిన వాక్యాన్ని ఈనాడు ఈ పత్రికలో చేర్చుతున్నాము: ‘ఈ ప్రమాదాన్ని గురించి తోటమాలి మమ్మల్ని ముందుగానే హెచ్చరించాడు, మేము వినలేదు.’

ఆ పెద్దాయన ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో విచారిస్తున్నాము. చిరునామా దొరికిన వెంటనే, ఈ సంచికను పట్టుకొని, మేము ముగ్గురమూ స్వయంగా వెళ్ళదలిచాము. పాప కూడా వస్తానంటున్నది.